ఈ సంతకాలు బీటిల్స్‌వేనా?
రాక్ జ్ఞాపికల అసలు, నకిలీలపై స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. 1993లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ కచేరీలో నిర్వాణా బృందం గాయకుడు కర్ట్ కోబేన్ వాయించిన మార్టిన్ గిటార్ 2020 వేలంలో 60 లక్షల 10 వేల డాలర్లు పలికింది. అంత డబ్బు పోసేవారు ఆ వస్తువు అసలైనదేనని ఎలా తేల్చుకుంటారు? ఈ విషయం మాట్లాడటానికి సంతకాలు, రాతప్రతులు పరిశీలించే నిపుణురాలు, పాత గిటార్లు బాగుచేసే నిపుణుడు, అరవైల నాటి రికార్డులు, పోస్టర్లు సేకరించే పెద్దాయన వచ్చారు. మేడమ్, మిమ్మల్ని అన్నిటికన్నా కష్టపెట్టే సంతకాలు ఎవరివి?

నిపుణురాలు: బీటిల్స్‌వే. నకిలీలు ఎక్కువనే కాదు, చిక్కు ఇంకొకటి ఉంది. అభిమానుల తాకిడి మొదలయ్యాక అడిగిన ప్రతి ఒక్కరికీ సంతకం చేయడం ఆ నలుగురి వల్ల కాలేదు. వెంట ఉండే రోడ్ మేనేజర్లు నీల్ ఆస్పినాల్, మాల్ ఎవాన్స్ నలుగురి పేర్లూ తామే రాసి పంపేవారు. ఒక అమ్మాయి 1963లో హాలు వెనుక తలుపు దగ్గర ఆటోగ్రాఫ్ పుస్తకం ఇచ్చిందనుకోండి. లోపలికి వెళ్లిన పుస్తకం నాలుగు సంతకాలతో తిరిగి వచ్చింది. కాగితం ఆనాటిదే, సిరా ఆనాటిదే, పక్కనే టికెట్ ముక్క అతికించి ఉంది. ఆమె చెప్పేదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అయినా ఆ సంతకాలు బీటిల్స్‌వి కాకపోవచ్చు.

వ్యాఖ్యాత: మరి తేల్చేదెలా?

నిపుణురాలు: బీటిల్స్ చేతిరాత తెలిస్తే చాలదు, ఆ ఇద్దరి చేతిరాతా తెలియాలి. నాలుగు పేర్లకూ కలం ఒకటే అయితే నాకు అభ్యంతరం లేదు, ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటారు. చేయి ఒకటే అయితే మాత్రం ఆగిపోతాను. కావాలని చేసే నకిలీలు వేరే రకం. చూసి గీసేవాడి గీత నెమ్మదిగా నడుస్తుంది, తడబడుతుంది, అక్కరలేని చోట కలం లేస్తుంది. కాగితం మడత దగ్గర సిరా పగుల్లోకి ఇంకి ఉంటే, మడత పడ్డాకే సంతకం చేశారని అర్థం. షార్పీ మార్కర్ మార్కెట్లోకి వచ్చింది 1964లో. 1963 నాటిదని చెప్పే సంతకం దానితో ఉంటే ఇక మాట్లాడేదేముంది?

సేకర్త: ఒక్క మాట. ఆస్పినాల్ రాసిచ్చిన పేజీని మీరు తీసి పక్కన పెట్టేస్తారు. నేను పెట్టను. అదీ ఆ రాత్రి ఆ హాల్లో పుట్టిందే.

నిపుణురాలు: దాచుకోండి, ఆనందంగా దాచుకోండి. అమ్మేటప్పుడు మాత్రం అది ఆస్పినాల్ రాసిందని చెప్పే అమ్మాలి, ధర కూడా దానికి తగ్గట్టే ఉండాలి. వెంట వచ్చే ధ్రువపత్రాన్ని చూసి మోసపోకూడదు. ఆ పత్రం ఎవరిచ్చారు, తప్పని తేలితే డబ్బు వాపసు ఇస్తారా అన్నదే నేను అడిగేది.

వ్యాఖ్యాత: గిటార్ మీద సంతకం ఉండదు కదా. అక్కడ ఏం చూస్తారు?

గిటార్ల నిపుణుడు: చెక్కనే చూస్తాం. 1965లో అమెరికాలోని న్యూపోర్ట్ జానపద సంగీత ఉత్సవంలో గాయకుడు బాబ్ డిలన్ స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌తో వేదికెక్కారు. ఆ గిటార్ ఆయన ప్రయాణించిన చిన్న విమానంలో ఉండిపోయింది, పైలట్ కుటుంబం దశాబ్దాల పాటు దాచింది. గిటార్ల చరిత్రకారుడు ఆండీ బాబియుక్ న్యూపోర్ట్ నాటి రంగుల ఫొటోలు ముందు పెట్టుకుని, చెక్కలోని చారలను ఒక్కొక్కటిగా సరిపోల్చారు. ఆ చారలు వేలిముద్రల లాంటివి, రెండు గిటార్లకు ఒకేలా ఉండవు. అది సన్‌బర్స్ట్ రంగు, అంటే మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా ఉండే పూత కాబట్టి పూత కింద నుంచి చారలు కనిపించాయి. నిండు రంగు పూసి ఉంటే ఆ దారి మూసుకుపోయేది.

వ్యాఖ్యాత: అలాంటప్పుడు?

గిటార్ల నిపుణుడు: దెబ్బలు, గీతలు, సిగరెట్ కాలిన మచ్చలు, మార్చిన భాగాలు, ఏవి ఎప్పటి ఫొటోలో కనిపిస్తున్నాయో వెతకాలి. అందుకే పాత గిటార్ దొరికితే ముందు తుడవవద్దని వేడుకుంటాను. మెరుగు పెట్టించి తెచ్చేవారిని చూస్తే నాకు ఏడుపొస్తుంది, సాక్ష్యమంతా పోయి ఉంటుంది. ఒక్కోసారి ఈ శ్రమేదీ అక్కరలేదు. పింక్ ఫ్లాయిడ్ బృందం గిటారిస్టు డేవిడ్ గిల్మర్ తన నల్ల స్ట్రాటోకాస్టర్‌ను 2019లో స్వయంగా వేలానికి ఇచ్చారు. అది 39 లక్షల 75 వేల డాలర్లు పలికింది, ఆ డబ్బు పర్యావరణం కోసం పనిచేసే సంస్థకు వెళ్లింది.

సేకర్త: డిలన్ గిటార్ సంగతి సగమే చెప్పారు. చెక్క సరిపోయినంత మాత్రాన అమ్మకం కాలేదు. అసలు గిటార్ తమ దగ్గరే ఉందని డిలన్ తరఫు న్యాయవాది అన్నారు. రెండు పక్షాలూ రాజీకి వచ్చాకే 2013లో క్రిస్టీస్ వేలంలో 9 లక్షల 65 వేల డాలర్లకు పోయింది. వస్తువు అసలైనదే కావచ్చు, అమ్మే హక్కు ఎవరిదన్నది వేరే ప్రశ్న. అమెరికన్ రాక్ బృందం ఈగల్స్ పాటల చిత్తుప్రతుల మీద న్యూయార్క్‌లో క్రిమినల్ కేసు నడిచింది. అవి నకిలీవని ఎవరూ అనలేదు, ఎవరి సొత్తన్నదే గొడవ. 2024 మార్చిలో విచారణ మధ్యలోనే ప్రాసిక్యూషన్ కేసు వదులుకుంది.

వ్యాఖ్యాత: పాతదైతే విలువ పెరుగుతుందని చాలామంది నమ్మకం.

నిపుణురాలు: పాతబడటం వల్ల కాదు, దొరకకపోవడం వల్ల. బీటిల్స్ 1966 ఆగస్టులో కచేరీ యాత్రలు మానేశారు. వారి ఆల్బమ్ సార్జెంట్ పెప్పర్స్ వచ్చింది 1967లో. అప్పటికి వారు అభిమానుల చేతికి అందడం లేదు. అందుకే నలుగురూ సంతకం చేసిన ఆ ఆల్బమ్ ఒకటి 2013లో 2 లక్షల 90 వేల 500 డాలర్లు పలికింది.

సేకర్త: తొందరపాటు విలువను ఎలా తీస్తుందో కూడా చెప్పాలి. 1966లో రికార్డుల సంస్థ కేపిటల్ మాంసం ముక్కలు, బొమ్మల తలలతో ఉన్న బీటిల్స్ ఆల్బమ్ అట్టను వెనక్కి తీసుకుని, కొన్నిటి మీద కొత్త బొమ్మ అతికించి మళ్లీ అమ్మింది. కింద పాత బొమ్మ ఉందని తెలియగానే జనం ఆవిరి పట్టి పీకారు. ఎంతో మంది చేతుల్లో రెండు బొమ్మలూ చిరిగాయి. పీకకుండా ఉంచినవి ఏటేటా తగ్గిపోతున్నాయి.

వ్యాఖ్యాత: విశాఖపట్నం నుంచి ఒక వీక్షకుడి ప్రశ్న. నాన్నగారు అరవైలలో కొన్న బీటిల్స్ రికార్డులు ఉన్నాయి, డమ్ డమ్‌లో తయారైనవి. విలువ ఉంటుందా?

సేకర్త: ఉంటుంది. కలకత్తా దగ్గరి ఆ కర్మాగారపు ముద్రణల కోసం విదేశాల్లోనూ వెతుకుతారు. లేబుల్ పక్కన పాట ముగిసే ఖాళీ వలయంలో చెక్కిన సంఖ్యలు ఫొటో తీయండి, ఏ ముద్రణో అవే చెబుతాయి. గీతలు పడితే ధర బాగా పడిపోతుంది, నిలబెట్టి దాచండి. మన వాతావరణంలో అట్టలకు బూజు పడుతుంది, తేమ తగలనివ్వకండి.

నిపుణురాలు: నాన్నగారు ఉన్నారా? ఉంటే ఈ వారంలోనే కూర్చోబెట్టి ఏ దుకాణంలో, ఏ సంవత్సరం, ఎంతకు కొన్నారో ఆయన చేతే రాయించి, తేదీ వేయించండి. రసీదు ఉంటే రికార్డు కవరులో కాకుండా విడిగా భద్రపరచండి, పాత సిరా అట్టకు అంటుకుంటుంది.