వాళ్లకు మన దగ్గర పనేమిటి?

శ్రోతలకు నమస్కారం.

మొన్న భూపాలపల్లి నుంచి హనుమకొండ వస్తుంటే, బస్సులో పక్కన కూర్చున్న పిల్లవాడు అడిగాడు: "తాతా, గ్రహాంతరవాసులు మన బంగారం కోసం వస్తారా?"

"వాళ్ల దారి ఖర్చులకే ఆ బంగారం చాలదు నాయనా" అన్నాను.

సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. అక్కడి వెలుగు మనను చేరడానికే నాలుగేళ్లు దాటుతుంది. 1977లో బయలుదేరిన వాయేజర్-1 అనే వ్యోమనౌక వేగంతో వెళ్తే డెబ్బై వేల ఏళ్లు పైమాటే. అంత దూరం నుంచి నీళ్ల కోసం వస్తారా? బృహస్పతి చుట్టూ తిరిగే యూరోపా అనే చందమామ మీద, మంచు కింద, మన సముద్రాలన్నిటికన్నా ఎక్కువ నీరు ఉంటుందని అంచనా. ఇనుము, నికెల్ గ్రహశకలాల్లోనే బోలెడు. దారిలో దొరికేదానికి మన గడప తొక్కడం ఎందుకు?

మరి దారిలో దొరకనిది మన దగ్గర ఏముంది? బొగ్గు. నవ్వకండి.

నా బల్ల మీద బూడిదరంగు రాతి పలక ఒకటుంది. బొగ్గు బావిలో కప్పు నుంచి ఊడిపడిందని, సింగరేణిలో పనిచేసిన మిత్రుడు తెచ్చి ఇచ్చాడు. దాని మీద ఆకు అచ్చు. నాలుక ఆకారం, నడుమ ఒక ఈనె, అటూ ఇటూ వల అల్లినట్టు సన్నని గీతలు. పేరు గ్లోసోప్టెరిస్. ఇరవై అయిదు కోట్ల ఏళ్లకు పూర్వం గోదావరి లోయలో పెరిగిన చెట్టు. ఆ అడవులే మట్టి కింద నలిగి మన బొగ్గయ్యాయి. ఇనుము నక్షత్రాల కడుపులో పుడుతుంది. బొగ్గుకు అడవి కావాలి.

ఇదే ఆకు అంటార్కిటికాలోనూ దొరికింది. 1912లో బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ దారిలో రాళ్లు ఏరుకుంది. తిండి తరిగిపోతోంది, కాళ్లు మంచుకు చచ్చుబడుతున్నాయి. అయినా ఆ పదహారు కిలోల రాళ్లను వదలలేదు, బండి మీద వేసుకుని లాగారు. అయిదుగురూ చనిపోయారు. నెలల తరువాత వెతకడానికి వెళ్లినవాళ్లకు మంచులో గుడారం, అందులో ముగ్గురి శవాలు, పక్కనే బండితో ఆ రాళ్లూ కనిపించాయి. రాళ్లలో ఈ ఆకు! ప్రాణం మీదికి వచ్చినా ఆకు అచ్చును మోశారు. ఆకు అచ్చును! నక్షత్రాలు దాటి ఎవరైనా వస్తే ఇలాంటి పిచ్చివాళ్లే వస్తారని నాకనిపిస్తుంది.

బొగ్గు బావుల్లో పనిచేసే శ్రోతలకు ఒక్క మాట. ఇలాంటి పలక చేతికి వస్తే నీళ్లతో కడగకండి, పొరలు విడిపోతాయి. పాత పంచె ముక్కలో చుట్టండి. ఏ బావిలోది, ఏ సీములోది, అంటే ఏ బొగ్గు పొరలోది, ఏ తేదీన దొరికిందో చీటీ రాసి దానితోనే ఉంచండి. నా మిత్రుడు చీటీ రాయలేదు. అడుగుదామంటే ఇప్పుడు ఆయన లేడు.