ట్యూబులో పచ్చ ముట్టకుండా ఒక వరిచేను

[తెర మీద: పూర్తయిన నీటిరంగుల బొమ్మ. గట్టు మీద కొబ్బరిచెట్టు, పక్కన మామిడి, కింద వరిచేను.]

నమస్కారం. ఈ బొమ్మ చూడండి. కొబ్బరాకు, మామిడాకు, వరి... మూడింటికీ ట్యూబులోంచి తీసిన సాప్ గ్రీన్ అనే తయారు పచ్చ ఒక్కటే వేశాను. నీళ్లు ఎక్కువైన చోట లేతగా, తగ్గిన చోట ముదురుగా ఉంది. రంగు మాత్రం అంతటా ఒక్కటే. చేలో గాలి ఆడుతున్నట్టే లేదు. రంగులు పట్టిన కొత్తలో నా బొమ్మలన్నీ ఇలాగే ఉండేవి, ఎందుకో తెలిసేది కాదు.

ఈ రోజు ఇదే చేను ఆ ట్యూబు మూత తియ్యకుండా వేద్దాం. లెమన్ ఎల్లో, గాంబోజ్ పసుపు, అల్ట్రామెరీన్ బ్లూ, థాలో బ్లూ, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు. ఈ ఐదూ చాలు.

[పైనుంచి: పాలెట్. రెండు పసుపులు, రెండు నీలాలు పక్కపక్కన.]

పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ అని బడిలో అందరం నేర్చుకున్నాం. ఏ పసుపు, ఏ నీలం? కిటుకంతా అక్కడే ఉంది. అల్ట్రామెరీన్ కాస్త వంకాయ రంగు వైపు మొగ్గుతుంది, అంటే అందులో ఎరుపు దాగున్నట్టు లెక్క. గాంబోజ్ నారింజ వైపు మొగ్గుతుంది, దానిలోనూ ఎరుపే. థాలో, లెమన్ రెండూ పచ్చ వైపు మొగ్గినవి. ఆకుపచ్చలోకి ఎరుపు ఏ దారిన వచ్చినా దాని మెరుపు తగ్గుతుంది.

కలిపి చూద్దాం. లెమన్, థాలో: ఇదిగో చిలకపచ్చ. గాంబోజ్, అల్ట్రామెరీన్: ముదిరిన చింతాకు రంగు. రెండూ పసుపు నీలాలే, చూడండి ఎంత దూరమో! మెరుపు కావాలంటే ఎరుపు లేని జత, నెమ్మదైన పచ్చ కావాలంటే ఎరుపున్న జత. నేను ఆకుపచ్చ కలిపేటప్పుడు మనసులో లెక్కేసుకునేది ఎరుపునే.

[దగ్గరగా: కుంచె కొన.]

ఒక్క జాగ్రత్త. థాలో చాలా ఘాటైన రంగు. బఠాణీ గింజంత పసుపులోకి ఆవగింజంత థాలో చాలు. ఎప్పుడూ పసుపులోకే నీలం వెయ్యండి. నీలంలోకి పసుపు వెయ్యడం మొదలుపెడితే ట్యూబు సగం ఖాళీ అయినా పచ్చ రాదు. ఇంకోటి, నీటిరంగు ఆరాక ఒక మెట్టు లేతగా కనిపిస్తుంది. అందుకే చిత్తు ముక్క మీద గీసి, ఆరాకే నిర్ణయించుకోండి.

[బొమ్మ మొదలు. 300 జీఎస్ఎం మందపాటి కాగితం, పలచని పెన్సిలు గీతలు.]

మూలనున్న నారుమడితో మొదలుపెడదాం. లెమన్‌లో థాలో, అంతే. వేరే ఏమీ కలపకండి. నారు పచ్చకి కళ్లు జిగేల్మనాలి. పక్కన నాటి నెల దాటిన చేను, దుబ్బు కట్టింది. అదే కలయికలో థాలో కొంచెం పెంచి, సియెన్నా కుంచె కొనతో తాకిస్తాను. ఆ దూరపు మడి కోతకొచ్చింది. అక్కడ గాంబోజ్, సియెన్నాలదే పెత్తనం, నీలం జాడ మాత్రమే.

కొబ్బరాకు దగ్గర కాసేపు ఆగుదాం. ఎండ ఆకు వెనకనుంచి వస్తే ఆకు పసుపుగా వెలుగుతుంది. ఎండ పైన పడితే నున్నటి ఆకు ఆకాశాన్ని చూపిస్తుంది, అక్కడ బూడిద నీలమే కనిపిస్తుంది. ఒకే మట్టకి రెండు రంగులన్నమాట. అరటాకు కింద నిలబడి పైకి చూడండి, పక్కకి వచ్చి పైనుంచి చూడండి, తేడా తెలుస్తుంది. ఈ మట్ట తడి ఆరకముందే ఒక అంచున లెమన్, ఇంకో అంచున పలచని అల్ట్రామెరీన్ వదులుతున్నా. పాలెట్‌లో కలపట్లేదు, కాగితం మీదే కలవనిస్తున్నా. కుంచెతో కెలక్కండి. నీళ్లే ఆ పని చేస్తాయి.

మామిడికి గాంబోజ్, అల్ట్రామెరీన్, చిటికెడు సియెన్నా. అల్ట్రామెరీన్ రేణువులు కాగితం గుంటల్లో దిగి నిలుస్తాయి. దుమ్ము పట్టిన ముదురాకుకి ఆ గరుకుదనం భలే కుదురుతుంది. చిగుళ్లు మాత్రం పచ్చ కాదు, రాగి రంగు! పలచని సియెన్నా. ఆ నాలుగు చుక్కలు పడగానే చుట్టూ ఉన్న పచ్చ ఎలా లేచిందో చూడండి.

[తెర మీద: రెండు బొమ్మలు పక్కపక్కన.]

ట్యూబు పచ్చలు తప్పని నేను అనను. హుకర్స్ గ్రీన్ అని ఒకటి దొరుకుతుంది. విలియం హుకర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు, 1779లో పుట్టి 1832లో పోయారు. పండ్లు, ఆకుల బొమ్మలు వేసేవారు. ప్రష్యన్ బ్లూలో గాంబోజ్ కలిపి తనకి కావలసిన పచ్చ తయారుచేసుకున్నారు. ఆ కలయికే ఆయన పేరుతో నిలిచింది.

చివరిగా, కలిపిన పచ్చకో గండం ఉంది. మన కోరమండల్ తీరం నుంచి 17, 18 శతాబ్దాల్లో ఐరోపాకి వెళ్లిన కలంకారీ గుడ్డల్లో పచ్చ ఎలా వచ్చేదంటే, నీలిమందు నీలం మీద పసుపు పూసేవారు. నీలం నిలిచింది, పసుపు వెలిసిపోయింది. అందుకే లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని పాత గుడ్డల మీద చాలాచోట్ల ఆకులు నీలంగా కనిపిస్తాయి. మొదటిసారి ఆ ఫొటోలు చూసినప్పుడు నీలి ఆకులే వేశారనుకున్నాను. తెలిశాక ప్రాణం ఉసూరుమంది.

కాబట్టి మీ రంగుల్ని పరీక్షించండి. ఈ రోజు కలిపిన పచ్చలన్నీ ఒక కాగితం మీద పట్టీలుగా గీసి, సగానికి నల్లటి అట్ట కట్టి, ఎండ తగిలే కిటికీకి అతికించండి. మూడు నెలలయ్యాక అట్ట తీసి, రెండు సగాలూ పక్కపక్కన పెట్టి చూడండి.