టీవీలో పెళ్లి వీడియో ఆగుతోందా? నెట్ ప్లాన్ జోలికి వెళ్లకండి

నమస్తే. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పిన్ని కోసం ఈ వీడియో చేస్తున్నాను. చెల్లి పెళ్లి వీడియో వాళ్ల కంప్యూటర్‌లో ఉంది. దాన్ని వైఫై మీద హాల్లో టీవీకి పంపుకుని చూస్తున్నారు. సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గరికి వచ్చేసరికి బొమ్మ ఆగిపోయి, చక్రం తిరగడం మొదలైంది. వెంటనే నాకు ఫోన్.

"ఒరేయ్ నాన్నా, నెట్ వాళ్లు 200 ఎంబీపీఎస్ స్పీడు ప్లాన్ వేసుకోమంటున్నారు. వేసేయమంటావా?"

"వద్దు పిన్నీ, ఒక్క రూపాయి కూడా కట్టకు" అన్నాను.

ఇదే ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడగనివాళ్లు ప్లాన్ మార్చేసి, నెలనెలా ఎక్కువ బిల్లు కడుతున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

(రూటర్ దగ్గరికి కెమెరా)

మా ఇంట్లో కూడా కంప్యూటర్‌లోని వీడియో టీవీలో నడుస్తోంది కదా. ఇప్పుడు బయటి నుంచి వచ్చే ఫైబర్ వైరు పీకేస్తున్నాను. ఎర్ర లైటు వచ్చింది. నెట్ పోయింది. టీవీ చూడండి, నడుస్తూనే ఉంది! ఆ వీడియో ఇల్లు దాటి వెళ్తే కదా ఆగడానికి.

విజయవాడలో గవర్నర్‌పేట నుంచి బెంజి సర్కిల్‌కి వెళ్లాలంటే కాజ టోల్‌గేటు దాటాలా? అక్కర్లేదు. గుంటూరు వెళ్తేనే టోల్. నెట్ ప్లాన్ అంటే ఆ హైవే. కంప్యూటర్ నుంచి టీవీకి వెళ్లే వీడియో ఊళ్లో తిరిగే బండి. హైవేని ఎంత వెడల్పు చేసినా బందరు రోడ్డు మీద ట్రాఫిక్ తగ్గదు.

మరి పిన్ని బండి ఎక్కడ ఇరుక్కుంది? పెళ్లి వీడియో నాలుగు గంటలు, 36 జీబీ. అంటే సెకనుకి సుమారు 20 మెగాబిట్లు. ఇది పెద్ద బరువేం కాదు. కానీ వాళ్ల కంప్యూటర్, టీవీ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే ఉన్నాయి. ఈ 2.4 ఉందే, అది వన్‌టౌన్ సందు. గోడలు దాటి దూరం వెళ్తుంది కానీ ఇరుకు. పక్కింటి రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అదే సందులో తిరుగుతాయి. పైగా వీడియో ఆ సందులో రెండుసార్లు నడవాలి: కంప్యూటర్ నుంచి రూటర్‌కి ఒకసారి, రూటర్ నుంచి టీవీకి ఇంకోసారి. చాలామందికి తట్టనిది ఇదే. కంప్యూటర్‌ని రూటర్‌కి ల్యాన్ కేబుల్‌తో కలిపితే సగం ట్రాఫిక్ అక్కడికక్కడే పోతుంది. టీవీని 5 గిగాహెర్ట్జ్ మీద పెట్టండి. అది బందరు రోడ్డు, వెడల్పు. కాకపోతే రెండు మూడు గోడలు అడ్డొస్తే నీరసిస్తుంది.

పిన్ని ఇవన్నీ చేసింది. అయినా ఆగింది! ఈసారి కంప్యూటర్ ఫ్యాన్ మోత. ఈ భాగం నాకు చాలా ఇష్టం, కాస్త ఆగి చెబుతాను.

సరుకు లారీ వన్‌టౌన్‌కి వచ్చిందనుకోండి. కొట్టు ముందుదాకా రోడ్డుంటే లారీ నేరుగా వెళ్లి ఆగుతుంది. సందులో పట్టకపోతే? మొదట్లోనే ఆపి, హమాలీలతో సరుకు దింపించి, ట్రాలీ ఆటోల్లోకి ఎక్కించాలి. సరుకు అదే, బండి మారింది. వీడియోలో దీన్ని ట్రాన్స్‌కోడింగ్ అంటారు. హమాలీలు ఎవరంటే, మీ కంప్యూటర్ ప్రాసెసర్. పిన్ని వాళ్ల వీడియో హెచ్ఈవీసీ అనే పద్ధతిలో కుదించి ఉంది, ఆ ప్రమాణం 2013లో వచ్చింది. వాళ్ల పాత టీవీకి తెలిసింది అంతకుముందు పద్ధతి హెచ్.264 మాత్రమే. అందుకని కంప్యూటర్ ప్రతి సెకనూ సరుకు దింపి మళ్లీ ఎక్కిస్తోంది. హమాలీలు తక్కువైతే కొట్టువాడు ఎదురుచూడాల్సిందే. ఆ తిరిగే చక్రం ఆ ఎదురుచూపే.

దీనికి మంచి ఉపాయం, రాత్రి పడుకునే ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వీడియోని ఒక్కసారి హెచ్.264లోకి మార్చేయడం. తెల్లారేసరికి సరుకంతా ఆటోల్లో సిద్ధం. అసలు ఫైలు మాత్రం చెరపకండి, పెళ్లి మళ్లీ షూట్ చేయలేం.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా. కంప్యూటర్‌లోని వీడియోల్ని టీవీకి పంపే జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వేయండి, పూర్తిగా ఉచితం. వీడియోలున్న ఫోల్డర్ చూపించండి. విండోస్‌లో మీ వైఫైని ప్రైవేట్ నెట్‌వర్క్‌గా పెట్టండి, ఫైర్‌వాల్ అడిగితే అనుమతించండి. టీవీలో జెల్లీఫిన్ యాప్ తెరిచి కంప్యూటర్ ఐపీ అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని నంబరు), పక్కన కోలన్ (:) పెట్టి 8096 కొట్టండి. కనపడకపోతే టీవీ గెస్ట్ వైఫైలో, అంటే చుట్టాల కోసం విడిగా పెట్టే వైఫైలో, ఉందేమో చూడండి. అక్కడుంటే కంప్యూటర్ కనపడదు. కంప్యూటర్ నిద్రలోకి జారకుండా స్లీప్ ఆపేయండి. రూటర్‌లో కంప్యూటర్‌కి ఒకే ఐపీ ఖాయం చేయండి, లేకపోతే ఏదో ఒక రోజు అడ్రస్ మారిపోతుంది.

తెలుగు సబ్‌టైటిల్స్ డబ్బాల్లా కనపడితే ఆ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడ తెలుగు సరిగ్గానే ఉంటే, సేవ్ యాజ్‌లో ఎన్‌కోడింగ్ (అక్షరాలు దాచే పద్ధతి) దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుని సేవ్ చేయండి. అప్పటికీ డబ్బాలే వస్తే టీవీలో తెలుగు ఫాంట్ లేదు, దాని సంగతి వేరే వీడియోలో చెప్తాను.

పిన్ని నిన్న తలంబ్రాల దాకా చూసింది. ప్లాన్ పాతదే, 40 ఎంబీపీఎస్.