అల్లుళ్ల గోడు వినేదెవరు? 498ఏపై వాడివేడి చర్చ

(2024 డిసెంబరు. ఒకేసారి ఇద్దరు ముగ్గురు మాట్లాడినచోట వినపడినంతే రాశాం.)

యాంకర్: నమస్కారం. తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో భర్త మీద, అతని కుటుంబం మీద 498ఏ, అంటే భార్యను హింసించారన్న సెక్షన్ కింద పెట్టిన కేసును డిసెంబరు 10న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇవాళ ఇరుపక్షాలకూ సమాన సమయం ఇస్తాం. లాయర్ గారూ, ఈ చట్టం కక్ష తీర్చుకునే ఆయుధమైపోయిందా?

లాయర్: ఎప్పుడో అయిపోయిందండీ! ఫిర్యాదు రాగానే అరెస్టు చేసేయొద్దని 2014లోనే, అర్నేష్ కుమార్ కేసులో చెప్పారు. విదేశంలో ఉన్న ఆడపడుచు, మంచం పట్టిన ముసలామె, అందరి పేర్లూ ఎఫ్‌ఐఆర్‌లో...

మహిళా సంఘం ప్రతినిధి: మొన్నటి డిసెంబరు 10 తీర్పులోనే, క్రూరత్వం భరించిన స్త్రీ మౌనంగా ఉండాలని మేం అనడం లేదని కూడా...

లాయర్: నన్ను పూర్తి చేయనివ్వండమ్మా.

ప్రతినిధి: మీరు పూర్తి చేస్తే కదా!

యాంకర్: మేడమ్, మీకూ ఛాన్స్ ఇస్తా. సర్, దుర్వినియోగం...

లాయర్: అదే చెప్తున్నా. పాత ఐపీసీ 498ఏ పోయి కొత్త భారతీయ న్యాయ సంహిత, అదే బీఎన్‌ఎస్, సెక్షన్ 85 వచ్చింది. నంబరు మారింది తప్ప అల్లుడి బతుకు మారలేదు!

రిటైర్డ్ డీఎస్పీ: ఒక్క మాట. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇచ్చినా నేరమే, తీసుకున్నా నేరమే. 1986 సవరణతో కనీస శిక్ష ఐదేళ్లు చేశారు. కానుకల జాబితా రాసి సంతకాలు పెట్టుకోవాలని 1985 నుంచి రూలుంది. నా సర్వీసులో ఆ కాగితం తెచ్చినవాళ్లు లేరు.

లాయర్: ఎందుకు రాస్తారు? ఇన్‌కమ్ ట్యాక్స్ టెన్షన్! తులం బంగారం 80 వేల దగ్గరుంది...

యాంకర్: నిజమే, బంగారం ధర చూస్తే...

(కాసేపు బంగారం, కన్వెన్షన్ హాలు అద్దెల మీద మాట్లాడుకున్నారు.)

ప్రతినిధి: ఇప్పుడు మాట్లాడొచ్చా? ఈ రోజుల్లో కట్నం అని ఎవరంటున్నారండీ? ‘మాకేం వద్దు, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం’ అంటారు. ఆ వెనకే పసుపు కుంకుమ కింద ఎకరం, ఆడపడుచు లాంఛనం, అల్లుడికి కారు. ఏటా 6,000కు పైగా వరకట్న మరణాలు రికార్డుకెక్కుతున్నాయి. చచ్చిపోయిన పిల్ల ఏ చట్టాన్ని దుర్వినియోగం చేసిందండీ?

యాంకర్: మంచి పాయింటే మేడమ్. కానీ అమాయకుడైన అల్లుడి సంగతి?

ప్రతినిధి: నేనడిగినదానికి జవాబు...

లాయర్: నేను చెప్తా! మరణాల కేసులకు వేరే సెక్షన్ ఉంది. పెళ్లైన ఏడేళ్లలోపు అసహజంగా చనిపోతే, అంతకు కొద్దికాలం ముందు కట్నం కోసం వేధించారని చూపిస్తే చాలు, తాను దోషిని కాదని భర్తే రుజువు చేసుకోవాలి. ఇంకెంత కఠినం కావాలి?

డీఎస్పీ: వేధించారని చూపించడమే కష్టం సర్. అమ్మానాన్నలకు చెప్పుకుంటే, సర్దుకుపోమ్మా అని వెనక్కి పంపుతారు. స్టేషన్‌కి వచ్చేసరికి...

లాయర్: అంటే అందరూ నేరస్థులేనా?

డీఎస్పీ: నేనలా అన్నానా?

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు.)

యాంకర్: టైమ్ అయిపోయింది. మేడమ్, పది సెకన్లలో.

ప్రతినిధి: జిల్లాల్లో వరకట్న నిషేధ అధికారులు...

లాయర్: అసలు సంగతి అది కాదండీ...

(మిగిలిన సమయమంతా ఆయనే మాట్లాడారు.)