కెమెరా నమ్మే గాయం: స్పెషల్ ఎఫెక్ట్స్ మేకప్‌లో ఒక పాఠం

నమస్కారం. ఈ వీడియోలో మనం ఒకే ఒక్క గాయాన్ని తయారు చేయబోతున్నాము. ఎడమ కనుబొమకు కాస్త పైన, రెండు రోజుల క్రితం దెబ్బ తగిలి చిట్లి, ఇప్పుడు పక్కు కట్టి, చుట్టూ వాచి కమిలిన గాయం అది. సినిమాలోనూ టెలివిజన్‌లోనూ స్పెషల్ ఎఫెక్ట్స్ మేకప్ అనగానే రాక్షసులు, తోడేలు మనుషులు, గ్రహాంతర జీవులు గుర్తుకు రావడం సహజమే. అయితే గ్రహాంతర జీవిని ఎవరూ చూడలేదు కనుక ప్రేక్షకుడు అందులో తప్పు పట్టలేడు. చిట్లిన నుదురు సంగతి వేరు. దాన్ని చూడనివారు ఉండరు కాబట్టి, ఎక్కడ తేడా ఉన్నదో చెప్పలేకపోయినా, తేడా ఉన్నదన్న సంగతిని మాత్రం వారు వెంటనే పసిగడతారు.

కుంచె పట్టుకునే ముందు స్క్రిప్టు చదవాలి. దెబ్బ దేనితో తగిలింది, ఎటువైపు నుంచి తగిలింది, తగిలి ఎంతసేపయింది, ఈ మధ్యలో ఆ పాత్ర ముఖం కడుక్కున్నదా, కట్టు కట్టించుకున్నదా అన్న ప్రశ్నలకు జవాబులు రాసి పెట్టుకోవాలి. షూటింగ్ కథ వరుసలో సాగదు. మానిపోతున్న గాయాన్ని ఉదయం చిత్రీకరించి, అదే గాయం పచ్చిగా ఉన్న సన్నివేశాన్ని మధ్యాహ్నం చిత్రీకరించవలసి రావచ్చు. అందుచేత కథలోని ప్రతి రోజుకూ గాయం ఏ దశలో ఉంటుందో ముందే గీసిన పట్టిక ఒకటి, ప్రతిసారీ ఒకే కోణంలో ఒకే వెలుగులో తీసిన ఫొటోలు కొన్ని మేకప్ బల్లమీద ఎప్పుడూ ఉండాలి. ప్రతిభ ఎంత ఉన్నా, కంటిన్యుటీ తప్పిన మేకప్ కళాకారుడిని ఎడిటింగ్ గదిలో ఎవరూ క్షమించరు.

ఇప్పుడు గాయం సంగతి చూద్దాము. దెబ్బ తగిలినప్పుడు చర్మం కింది సన్నని రక్తనాళాలు చిట్లి, నెత్తురు చుట్టుపక్కల కణజాలంలోకి ఊరుతుంది. ఆ చోటు మొదట ఎర్రగా కందుతుంది, తరువాత నీలానికీ ఊదాకూ తిరుగుతుంది. ఆపైన శరీరం హీమోగ్లోబిన్‌ను విచ్ఛిన్నం చేసే క్రమంలో బిలివెర్డిన్ వల్ల ఆకుపచ్చ ఛాయ, బిలిరుబిన్ వల్ల పసుపు ఛాయ వస్తాయి, చివరకు గోధుమ రంగు మరక మిగిలి అదీ మాసిపోతుంది. రంగును చూసి దెబ్బ వయసును కచ్చితంగా చెప్పడం వైద్యులకు కూడా సాధ్యం కాదు కనుక మనకు కొంత స్వేచ్ఛ ఉన్నది. అలాగని దెబ్బ తగిలిన గంటకే పసుపు పూయడానికి ఆ స్వేచ్ఛ సరిపోదు.

చాలామంది మరచిపోయే విషయం మరొకటి ఉన్నది. నుదుటిమీద దెబ్బ తగిలితే అక్కడ ఊరిన నెత్తురు అక్కడే ఆగదు. బరువుకు కిందికి దిగుతూ, ఒకటి రెండు రోజుల్లో పై రెప్పలోకీ, కంటి కింది పల్చని చర్మంలోకీ చేరుతుంది. మన గాయానికి రెండు రోజుల వయసు కనుక, కంటికి దెబ్బ తగలకపోయినా కన్ను కమిలి ఉండాలి. గాయాన్ని నుదుటి దగ్గరే ఆపివేసి, కంటిని శుభ్రంగా వదిలేసిన మేకప్‌లు తెరమీద తరచుగా కనిపిస్తాయి. వాటిలో పనితనం లోపించదు, గాయాన్ని గమనించిన కన్నే లోపిస్తుంది.

ఇక పదార్థాల విషయానికి వద్దాము. వెలుగు చర్మం పైపొరను తాకి అక్కడినుంచే వెనక్కి మళ్లదు. కొంత వెలుగు లోపలికి వెళ్లి, కింది పొరల్లో చెదిరి, అక్కడి నెత్తురు రంగు పులుముకుని బయటికి వస్తుంది. చెవి వెనుక దీపం పెడితే తమ్మె ఎర్రగా వెలగడానికి కారణం ఇదే. ఈ కళ చరిత్రలో పదార్థాలు మారుతూ వచ్చిన తీరంతా ఈ వెలుగును పట్టుకోవడానికి జరిగిన ప్రయత్నంగానే నాకు కనిపిస్తుంది. 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ సినిమా కోసం మేకప్ కళాకారుడు జాక్ పియర్స్ దూదినీ, కొలోడియన్ అనే ద్రవాన్నీ పొరలు పొరలుగా అద్ది, నటుడు బోరిస్ కార్లాఫ్ తలను ప్రతి షూటింగ్ రోజూ కొత్తగా నిర్మించవలసి వచ్చేది. తరువాత వచ్చిన ఫోమ్ లేటెక్స్ అనే నురుగు రబ్బరు, ముఖానికి అతికించే ముక్కలను ముందుగానే అచ్చులో పోసి ఓవెన్‌లో ఉడికించి సిద్ధం చేసుకునే వీలు కల్పించింది. అది తేలికగా ఉంటుంది, ముఖంతో పాటు కదులుతుంది, కాని వెలుగును లోపలికి రానివ్వదు. అందుచేత దానిమీద చర్మపు లోతునంతా రంగులతోనే భ్రమింపజేయాలి.

ఆ భ్రమను పరాకాష్ఠకు తీసుకువెళ్లినవారు అమెరికన్ మేకప్ కళాకారుడు డిక్ స్మిత్. 1970లో వచ్చిన ‘లిటిల్ బిగ్ మ్యాన్’ చిత్రంలో ఆయన డస్టిన్ హాఫ్‌మన్‌ను 121 ఏళ్ల వృద్ధుడిగా మార్చారు. ముఖమంతటికీ ఒకే తొడుగు వేసే పద్ధతిని వదిలి, చెంపలకూ, రెప్పలకూ, పెదవులకూ, మెడకూ వేర్వేరు ముక్కలు చేసి, ఒకదాని అంచు మీదికి మరొకటి వచ్చేలా అతికించడం ఆయన పద్ధతి. దానివల్ల నటుడు నవ్వినా, ముఖం చిట్లించినా ప్రతి భాగం తనంతట తాను కదులుతుంది. అకాడమీ అవార్డుల్లో మేకప్‌కు ప్రత్యేక విభాగం 1981 నాటి చిత్రాలతో గాని మొదలు కాలేదు. ఆ మొదటి పురస్కారాన్ని అందుకున్న రిక్ బేకర్ కుర్రవయసులో ఈ డిక్ స్మిత్ దగ్గరే సలహాలు పొంది, ఆయనకు సహాయకుడిగా పని చేసినవారు. అడిగినవారికి రహస్యాలు దాచకుండా చెప్పే అలవాటు ఈ వృత్తిలో స్థిరపడడంలో స్మిత్ పాత్ర చిన్నది కాదు.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది సిలికాన్ అనే మెత్తని, రబ్బరులాంటి పదార్థం. అది చర్మంలాగే వెలుగును కొంత లోపలికి తీసుకుంటుంది కనుక, 4కే కెమెరా క్లోజప్‌లో కూడా బొమ్మలా కనిపించదు. దాని బరువు ఎక్కువ, చెమటను బయటికి పోనివ్వదు. ఈ రెండు ఇబ్బందులూ మనది చిన్న ముక్క కనుక మనల్ని బాధించవు.

ముక్క తయారీని త్వరగా ముగిస్తాను. ముఖమంతటికీ ప్రొస్థెటిక్, అంటే అతికించే కృత్రిమ తొడుగు, చేయాలంటే ముందు నటుడి ముఖానికి అచ్చు తీయాలి. నీటితో కలిపితే జెల్లీలా గట్టిపడే ఆల్జినేట్ పొడి గాని, చర్మానికి హాని చేయని సిలికాన్ గాని వాడాలి, ముక్కు రంధ్రాలు మొదటి నుంచి చివరి వరకూ తెరిచి ఉంచాలి, పక్కన ఒక మనిషి వాటినే కనిపెట్టుకుని ఉండాలి. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు విపరీతంగా వేడెక్కుతుంది కాబట్టి, దాన్ని మందంగా చర్మానికి నేరుగా పూయడం కాలిన గాయాలకు దారి తీస్తుంది. ఆ పని ఎప్పుడూ చేయవద్దు. మన గాయానికి ముఖం అచ్చు అవసరం లేదు. నున్నని పలకమీద బంకమట్టితో గాయాన్ని చెక్కి, దానికి అచ్చు తీసి, అందులో సిలికాన్ పోస్తే చాలు. ఒక్క జాగ్రత్త ఉన్నది. ప్లాటినం రకం సిలికాన్‌కు గంధకం పడదు. గంధకం కలిసిన బంకమట్టిని గాని, లేటెక్స్ చేతి తొడుగులను గాని తాకితే అది గట్టిపడకుండా జిగురుగానే ఉండిపోతుంది.

అచ్చులో సిలికాన్ పోసే ముందు, ఆల్కహాల్‌లో కరిగే ప్లాస్టిక్ ద్రవాన్ని పల్చని పొరగా పూసి ఆరనిచ్చాను. గాయం ముక్క ఆ పొర లోపల ఇమిడి ఉన్నది. పొర మాత్రం ముక్క చుట్టూ కొంచెం బయటికి వచ్చి ఉన్నది. కెమెరాను దగ్గరికి తెస్తున్నాను, గమనించండి. ఇక్కడ మందంగా ఉన్న ముక్క క్రమంగా పలుచబడి, ఈ చివర ఉల్లిపొరకన్నా సన్నని అంచుగా ముగుస్తున్నది. ఈ అంచే మన పని అంతటికీ ప్రాణం. గాయాన్ని ఎంత అందంగా చెక్కినా, అంచు మందంగా ఉంటే ముఖానికి స్టిక్కర్ అంటించినట్లే ఉంటుంది.

అతికించే ముందు, వాడబోయే జిగురును ఒక రోజు ముందు నటుడి మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి, దురద గాని దద్దుర్లు గాని రాలేదని నిర్ధారించుకోవాలి. లేటెక్స్ పడనివారు కూడా ఉంటారు కనుక ఆ సంగతి ముందే అడగాలి. ఇప్పుడు చర్మంమీది జిడ్డు తుడిచి, నీటి ఆధారిత అక్రిలిక్ జిగురు పూస్తున్నాను. పూసినప్పుడు పాలలా తెల్లగా ఉన్న ఈ జిగురు ఆరేకొద్దీ పారదర్శకమవుతుంది. తెలుపు పూర్తిగా పోయే వరకూ ఆగాలి. తొందరపడి తడి జిగురుమీద ముక్కను పెడితే అది జారుతుంది, మడతపడిన అంచును మళ్లీ విప్పడం దాదాపు అసాధ్యం. ముందు ముక్క మధ్యభాగాన్ని నొక్కి నిలిపి, అక్కడినుంచి అంచుల వైపు పొడి కుంచెతో అదుముతూ రావాలి.

ఇప్పుడు అంచును కరిగిద్దాము. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సన్నని కుంచెను ముంచి, పిండి, ప్లాస్టిక్ పొర చివర మీద చిన్న చిన్న వలయాలుగా తిప్పుతున్నాను. కన్ను దగ్గరలోనే ఉన్నది కనుక నటుడు కళ్లు మూసుకుని ఉండాలి, కుంచె నుంచి చుక్క కారకూడదు. మొదట పొర మెరుస్తుంది, తరువాత ముడతపడుతుంది, ఆపైన చర్మంలో కలిసిపోయి కనిపించకుండా పోతుంది. ఇంకా ఏదైనా గీత మిగిలితే, చిక్కబరచిన జిగురును దానిమీద పల్చగా రాసి, గరుకు స్పాంజితో అద్దితే చర్మపు రంధ్రాల ఆనవాలు కూడా వస్తుంది. ఇక్కడ తొందర పనికిరాదు. మొత్తం మేకప్‌కు పట్టే సమయంలో సగం అంచుల కోసం పోయినా అది వృథా కాదు.

రంగుల విషయంలో ఆల్కహాల్‌తో పనిచేసే పెయింట్లను పల్చగా, ఒకదానిమీద ఒకటిగా వేయాలి. చర్మం ఎక్కడా ఒకే రంగులో ఉండదు. అందుకే కుంచెను గీయకుండా, దాని వెంట్రుకలను వేలితో వెనక్కి లాగి వదులుతూ, ఎర్రని తుంపరలు చల్లుతున్నాను. దాని మీద ఆలివ్ ఛాయ, దాని మీద నటుడి చర్మపు రంగు. ముక్కకూ చర్మానికీ మధ్య గీత మాయమవడానికి, ఈ తుంపరలు ముక్క దాటి అసలు చర్మం మీదికి కూడా పోవాలి.

కమిలిన రంగుల కోసం అమ్మే పెట్టెల్లో చాలా భాగం తెల్లని చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవే. వాటిలోని లేత ఊదా, లేత పసుపు రంగులను చామనఛాయ చర్మం మీదో, నల్లని చర్మం మీదో అలాగే పూస్తే బూడిద రాసినట్లు కనిపిస్తుంది. ముదురు చర్మం మీద కమిలిన చోటు చుట్టుపక్కల చర్మం కన్నా ముదురుగా, గోధుమ కలిసిన ఊదాగా ఉంటుంది, ఎరుపు తక్కువగా తెలుస్తుంది, వాపు వల్ల వచ్చే మెరుపు ఎక్కువగా తెలుస్తుంది. అందుచేత అక్కడ రంగుకన్నా ఆకారంమీద, నిగారింపుమీద ఆధారపడాలి. పై రెప్పమీద ముదురు ఊదా వేసి, కంటి లోపలి మూల దగ్గర దాన్ని చిక్కబరచి, చెంప ఎముక వైపు వచ్చేసరికి పల్చబడి మాయమయ్యేలా చేస్తున్నాను. వలయం గుండ్రంగా, రెండు వైపులా సమానంగా రాకూడదు. ఒకచోట తెగి, మరోచోట ముద్దగా ఉంటేనే నమ్మకం కలుగుతుంది.

ఇక రక్తం. కొత్తగా నేర్చుకునేవారు కృత్రిమ రక్తాన్ని నమ్ముకున్నంతగా మరి దేన్నీ నమ్ముకోరు. మన గాయానికి రెండు రోజుల వయసు కనుక పారే రక్తం అసలు అవసరం లేదు. చీలిక లోతులో దాదాపు నల్లగా కనిపించే ఎరుపు, అంచుల్లో గోధుమ రంగు పక్కు, అంతే. పచ్చి గాయం చేయవలసి వచ్చినప్పుడు మాత్రం ఒక్కటి గుర్తుంచుకోండి. అసలు రక్తం పల్చగా పరుచుకున్నచోట నారింజ కలిసిన ఎరుపుగా, గడ్డకట్టిన చోట ముదురుగా కనిపిస్తుంది. ఒకే గాఢతలో ఉన్న ఎరుపు పెయింటులాగే ఉంటుంది. డిక్ స్మిత్ ప్రచారంలోకి తెచ్చిన మొక్కజొన్న సిరప్ రక్తమే నేటికీ చాలా మిశ్రమాలకు మూలం. అయితే అది చర్మం మీద చక్కగా పారడానికి ఆయన ఫొటోలు కడిగే ఒక రసాయనాన్ని అందులో కలిపేవారు. అది విషం కనుక నటుడి నోటికి తగిలే రక్తంలో దాన్ని వాడరాదు.

పని అయిందనుకున్నప్పుడు అద్దం ముందు నుంచి లేచి, నటుడిని కెమెరా ముందు, ఆ సన్నివేశానికి వేసిన లైట్లలోనే నిలబెట్టి చూడాలి. పక్కనుంచి పడే వెలుగు అంచులను బయటపెడుతుంది, నీలపు లైటు ఎరుపును నల్లగా చేస్తుంది. కనుబొమలు ఎగరేయమని, గట్టిగా నవ్వమని, ఆవులించమని అడగండి. ముక్క ఎక్కడైనా ముడతపడి లేస్తే ఇప్పుడే తెలియాలి. షాట్ల మధ్య నటుడు చేత్తో నుదురు తుడుచుకోకుండా చూసుకోవడం కూడా మీ పనే. చెమట పట్టినప్పుడు అద్దాలి గాని రుద్దకూడదు.

చివరి పని ఊడదీయడం. అలసిపోయిన నటుడు ఇంటికి వెళ్లే తొందరలో ముక్కను పట్టి లాగేస్తానంటే ఒప్పుకోవద్దు. ఆ లాగుడుకు చర్మం కందితే మర్నాడు అక్కడ జిగురు పెట్టడానికి వీలుండదు. జిగురు రిమూవర్‌లో ముంచిన కుంచెను ఒక అంచు కిందికి నెమ్మదిగా పోనిస్తూ, జిగురు వదిలిన మేరకే ముక్కను ఎత్తుతూ రావాలి. కంటి వైపు వచ్చేటప్పుడు రిమూవర్ కారకుండా కింద దూది అడ్డుపెట్టాలి. తరువాత సున్నితమైన సబ్బుతో కడిగి, తేమనిచ్చే క్రీము రాయాలి. ఊడిన ముక్కకు అంచు కరిగిపోయి ఉంటుంది కనుక అది మళ్లీ పనికిరాదు. రేపటి షూటింగ్‌కు అదే అచ్చులో మరో ముక్కను ఈ రాత్రికే పోసి ఉంచుకోండి, ఎందుకైనా మంచిది, రెండు పోయండి.