ట్రావెల్ రైటింగ్ మొదలుపెట్టాలంటే రేణిగుంట దాటితే చాలు

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్‌ని తిరుపతిలో ఒక మేడ మీద గదిలో రికార్డు చేస్తున్నాం, మధ్యలో ఆటో హారన్లు వినపడితే సర్దుకోండి. ఈ పూట మనతో ఉన్న అక్క పత్రికలకి, వెబ్‌సైట్లకి యాత్రా వ్యాసాలు రాస్తారు. ఏ ఆఫీసులోనూ ఉద్యోగం కాదు, ఫ్రీలాన్సే. అక్కా, నేరుగా అడిగేస్తా. డిగ్రీ అయింది, తిరగడం ఇష్టం, రాయడం కాస్త వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలి?

అతిథి: నన్ను అడిగేవాళ్లంతా లడఖ్ గురించే అడుగుతారబ్బా. అక్కడికి పోయి రావడానికయ్యే ఖర్చు, ఆ వ్యాసానికొచ్చే డబ్బుతో తీరదు. పైగా లడఖ్‌లోనే పుట్టి పెరిగి రాసేవాళ్లున్నారు. వాళ్లకి తెలియనిది నీకేం తెలుస్తుంది, నాలుగు రోజులుండి వస్తే? నువ్వు ముందు రేణిగుంట దాటి పాపానాయుడుపేట వైపు పో.

హోస్ట్: గుడిమల్లం దారి కదా అది?

అతిథి: అదే. గుడిమల్లం పరశురామేశ్వరాలయంలో లింగం సుమారు ఐదడుగులుంటుంది. దాని మీదే శివుడు నిలబడి ఉంటాడు, ఆయన కాళ్ల కింద యక్షుడు. క్రీస్తుపూర్వం రెండు, ఒకటి శతాబ్దాల నాటిదని చాలామంది పండితులు చెప్తారు. కొండకొచ్చే జనంలో అక్కడిదాకా పోయేవాళ్లు తక్కువ. ఇక దారిలో పాపానాయుడుపేట గాజుపూసల ఊరు. కొలిమిలో కరిగిన గాజుని సన్నటి గొట్టంలా లాగి, ముక్కలు కోసి పూసలు చేసే పాత పద్ధతికి పేరు. గుడి చూసి తిరిగొచ్చేవాళ్లు ఈ ఊళ్లో బండి కూడా ఆపరు. ఒక్క పూటలో రెండు వ్యాసాలకి సరుకు దొరుకుతుంది, ఖర్చు బస్సు చార్జీనే.

హోస్ట్: సరే, పోయొచ్చాం. ఎడిటర్‌కి ఏం రాయాలి?

అతిథి: ‘గుడిమల్లం గురించి వ్యాసం పంపనా’ అని రాస్తే జవాబు రాదు. ఊరి పేరు చెప్తే సరిపోదు, అక్కడ ఏం తెలుసుకోవాలని పోతున్నావో చెప్పాలి. శ్రీకాళహస్తి కలంకారీ చూడు. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద వెదురు కలంతో గీస్తారు, రంగులన్నీ చెట్టూ చేమా నుంచి, ఇనుము నుంచి వస్తాయి. ఇదంతా ఇప్పటికే వందసార్లు అచ్చయింది. కానీ ఆ బట్టని పారే నీళ్లలో ఉతకాలి. స్వర్ణముఖి ఏడాది పొడుగునా పారదు. మరి ఏటిలో నీళ్లు లేనప్పుడు ఉతుకు ఎక్కడ? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని పంపితే ఎడిటర్ తప్పకుండా చదువుతాడు. పాఠకుడికి కూడా ఏ నెలలో పోతే పని కళ్లారా చూడొచ్చో తెలుస్తుంది.

హోస్ట్: మెయిల్ ఎంత పొడుగుండాలి?

అతిథి: ఫోన్‌లో వేలితో ఒకసారి జరిపేంత. కథేంటి, ఇప్పుడే ఎందుకు వేయాలి, నువ్వే ఎందుకు రాయాలి, ఎన్ని పదాలు, ఫోటోలున్నాయా. అంతే. మొదట్లో చూపించడానికి అచ్చయిన వ్యాసాలు ఉండవు కాబట్టి సొంతంగా రెండు మంచివి రాసి పెట్టుకుని లింకు ఇవ్వు. ఒకే వ్యాసాన్ని ఒకేసారి పదిమందికి పంపొద్దు, ఇద్దరూ వేసేస్తే ఆ రెండు తలుపులూ మూసుకుంటాయి.

హోస్ట్: ‘ఇప్పుడే ఎందుకు’ అన్నారు. అది నాకెప్పుడూ తేలదు.

అతిథి: మనూళ్లో అది తేలిక కదప్పా! తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది. చాటింపు వేశాక ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి ఉండకూడదంటారు. బైరాగి వేషం, బండ వేషం, తోటి, దొర, మాతంగి అని రోజుకో వేషం కడతారు, మగవాళ్లు చీరలు కట్టి మొక్కు తీర్చుకుంటారు. జాతర రోజున కూర్చుని మెయిల్ పెడితే ఏం లాభం? మాసపత్రికకైతే మూడు నెలల ముందే చెప్పాలి, ఆదివారం అనుబంధానికి కొన్ని వారాల ముందు. అంటే ఈ ఏడు చూసి, ఫోటోలు తీసి దాచుకుని, వచ్చే ఏడాది శివరాత్రి నాటికి పంపాలి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు, అదే పెలికాన్లు, వాటి సంగతి కూడా అంతే. అవి అక్టోబరు నుంచి మార్చి దాకా చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెడతాయి, ఆ లెక్కన వానాకాలంలోనే ఎడిటర్‌కి చెప్పుకోవాలి. శ్రీహరికోటలో రాకెట్ చూడ్డానికి సూళ్లూరుపేట దాకా పోయి, ప్రయోగం వాయిదా పడితే ఉసూరుమని రావద్దు. పులికాట్ సరస్సు, నేలపట్టు పక్కనే ఉన్నాయి.

హోస్ట్: ఫోటోలకి అనుమతులు?

అతిథి: తిరుమల గుడి లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, కొండ మీద డ్రోన్ ఎగరేయకూడదు. చంద్రగిరి కోట లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ఫోన్‌తో తీసుకోవచ్చు. స్టాండు వేసి తీయాలంటే ముందు అనుమతి కావాలి. వేషం కట్టిన మనిషిని తీసేముందు మాత్రం ఒక మాట అడుగు. ఆయన మొక్కులో ఉన్నాడు, నీ కోసం వేషం వేయలేదు. చాలామంది కుర్రాళ్లు ఇది మర్చిపోతున్నారు, నాకు ఒళ్లు మండుతుంది.

హోస్ట్: ఇక డబ్బులు. మొహమాటం లేకుండా చెప్పండి.

అతిథి: మొహమాటం పెట్టుకుంటే ఈ పనిలో పస్తే. తెలుగులో ఎక్కువగా వ్యాసానికి ఇంత అంటారు, ఇంగ్లీషులో పదానికి ఇంత. ఎంతో, ఎప్పుడిస్తారో, వేయకుండా పక్కన పెడితే ఏమైనా ఇస్తారో లేదో రాయడానికి ముందే మెయిల్‌లో రాయించుకో. ఒక పత్రిక నా వ్యాసం అచ్చేసి, ఏడాది దాటినా డబ్బులివ్వలేదు. మెయిల్‌లో రేటు రాసి ఉంది కాబట్టే చివరికి వచ్చాయి. పాన్ కార్డు ఉండాలి, అచ్చవగానే బిల్లు పంపాలి. ఫీజు ఒక పరిమితి దాటితే 10 శాతం టీడీఎస్, అంటే నీకిచ్చే ముందే పన్ను కింద పట్టుకుంటారు. నీ ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇది తెలియక వదిలేసేవాళ్లు ఎక్కువ.

హోస్ట్: హక్కుల సంగతి?

అతిథి: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగి కాని రచయిత రాసిన వ్యాసం మీద మొదటి హక్కు రచయితదే. సంతకం పెట్టి రాసిస్తేనే అది చేతులు మారుతుంది. ఎన్నేళ్లకని రాయకపోతే 5 ఏళ్లకే, ఏ ప్రాంతానికని రాయకపోతే మన దేశం వరకే. ఫోటోల లెక్క వేరు. వాళ్లు డబ్బిచ్చి ప్రత్యేకంగా తీయించుకుంటే, ఒప్పందంలో వేరేగా లేనంతవరకు అవి వాళ్లవే. అందుకే ఒప్పందం కాగితం వస్తే చివరి పేజీ దాకా చదువు.

హోస్ట్: హోటల్ వాళ్లు ఉచితంగా గది ఇస్తామంటే?

అతిథి: తీసుకోకపోతే మంచిది. తీసుకుంటే ముందే ఎడిటర్‌కి చెప్పాలి, వ్యాసంలోనూ చెప్పాలి. కొందరు ఎడిటర్లు అలాంటివి అసలు వేసుకోరు. ఉచితంగా పడుకుని లేచాక ఇడ్లీ చల్లగా ఉందని ఎట్లా రాస్తావు?

హోస్ట్: (నవ్వు) ఆఖరి ప్రశ్న. తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా?

అతిథి: డబ్బు ఇంగ్లీషులో ఎక్కువ, అందులో దాపరికం లేదు. కానీ పూసలు చేసే పెద్దాయన చెప్పే మాట తెలుగులో రాస్తే ఆయన కొడుకే చదివి, ‘ఇది తప్పు’ అని ఫోన్ చేస్తాడు. ఆ భయం ఉంటే రాత బాగుపడుతుంది. నేను రెండిట్లోనూ రాస్తా. హక్కు నా దగ్గరే ఉంటే ఇంగ్లీషులో అమ్మిన కథని తెలుగులో కొత్తగా రాసి ఇంకోచోట ఇస్తా.

హోస్ట్: ఇద్దరు ఎడిటర్లకీ చెప్పే కదా?

అతిథి: చెప్పకుండా ఎట్లాగబ్బా!

హోస్ట్: వచ్చే ఎపిసోడ్‌లో ఒక ఫోటోగ్రాఫర్‌తో కలుద్దాం. ఉంటాం మరి.