టెన్త్ లెక్క ఆగేది ఐదో తరగతి దగ్గర

[తెర మీద నల్లబల్ల. సుద్దముక్కతో సమీకరణం రాస్తున్న చెయ్యి.]

నమస్తే. బోర్డు మీద ఒక వర్గ సమీకరణం ఉంది చూడండి. ఎక్స్ స్క్వేర్ మైనస్ 5 ఎక్స్ మైనస్ 24 ఈజ్ ఈక్వల్ టు సున్నా. టెన్త్‌లో కారణాంకాల పద్ధతిలో చేసే లెక్క ఇది. రెండు సంఖ్యలు వెతకాలి. గుణిస్తే మైనస్ 24 రావాలి, కూడితే మైనస్ 5 రావాలి.

ఎక్కాలు నోటికి వచ్చిన అమ్మాయికి 24 చూడగానే "ఎనిమిది మూళ్ల ఇరవై నాలుగు" అని లోపల వినిపిస్తుంది. ఇక తేల్చాల్సింది మైనస్ దేనికి పెట్టాలన్నదే. మైనస్ 8, ప్లస్ 3. అయిపోయింది. ఎక్కాలు రాని అబ్బాయి వేళ్లు లెక్కపెడతాడు. 24 ఎలా వస్తుందో తేలేలోపు, అసలు దేనికోసం వెతుకుతున్నాడో మర్చిపోతాడు. చివరికి "నాకు వర్గ సమీకరణాలు రావు" అంటాడు. ఇంట్లోవాళ్లూ అదే నమ్ముతారు. నాకు బాధ కలిగేది అక్కడే. వాడికి రానివి ఎక్కాలు, మైనస్ సంఖ్యల కూడిక. శ్రద్ధగా కూర్చుంటే రెండూ వచ్చేవే.

ఇలా ఎందుకు జరుగుతుందో మీరే చూడండి. కళ్లు మూసుకుని 347ని 26తో గుణించండి.

[తెర ఐదు సెకన్లు ఖాళీ.]

కష్టంగా ఉంది కదా. కాగితం ఇస్తే నిమిషంలో 9022 అని చెప్పేస్తారు. గుణించడం మీకు వచ్చు. మధ్యలో వచ్చిన అంకెలను గుర్తుపెట్టుకోవడానికి బుర్రలో చోటు చాలలేదు, అంతే. మనిషి ఒకేసారి మనసులో పట్టుకోగలిగే విషయాలు ఏడు, అటూ ఇటూగా రెండు అని 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశారు. 2001లో నెల్సన్ కోవన్ అది నాలుగు దగ్గరే ఉంటుందన్నారు. నాలుగు చోట్లలో మూడింటిని ఎక్కాలే తీసుకుంటే, కొత్త పాఠానికి మిగిలేది ఒక్కటి. బాగా అలవాటైపోయిన పని మాత్రం దాదాపు చోటు తీసుకోదు. చిన్నప్పటి సాధన పెద్ద తరగతిలో పనికొచ్చేది ఇలాగే.

చదవడమూ అంతే. ఒకటో తరగతి పిల్లలు కూడబలుక్కుని చదువుతారు. "స... మీ... క..." అంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతారు. తొమ్మిదో తరగతిలో కూడా అలాగే చదివే పిల్లలున్నారు. వాళ్లకు లెక్కలు వచ్చినా, వాక్యాల్లో ఇచ్చే లెక్కలు రావు. సాంఘిక శాస్త్రం పాఠం ఒక పేజీ దాటదు. అలాంటి పిల్లలకు ట్యూషన్ కన్నా ముందు, రోజూ ఒక పావుగంట పైకి చదివించే మనిషి కావాలి.

[తెర మీద బ్యాటరీ, పక్కపక్కన రెండు నిరోధాలు.]

ఇప్పుడు ఫిజిక్స్‌కి వద్దాం. 6 ఓమ్‌లు, 3 ఓమ్‌ల నిరోధాలను, అంటే కరెంటుకు అడ్డుపడే భాగాలను, సమాంతరంగా కలిపాం. ఆ అడ్డును కొలిచేది ఓమ్‌లలో. ఫలిత నిరోధం ఎంత? ఒకటి బై ఆరు, ఒకటి బై మూడు కూడి, వచ్చినదాన్ని తిరగేయాలి. చాలామంది పైవి పైవి, కిందివి కిందివి కూడేసి రెండు బై తొమ్మిది అంటారు. దాన్ని తిరగేస్తే 4.5 ఓమ్‌లు. ఫార్ములా కంఠతా వచ్చింది, జవాబు తప్పు. ఒకటి బై మూడంటే ఆరింట రెండు. ఆరింట ఒకటి, ఆరింట రెండు కలిపితే ఆరింట మూడు, అంటే సగం. తిరగేస్తే 2 ఓమ్‌లు.

ఇక్కడ ఇంకో మాట. "బట్టీ వద్దు, అర్థం కావాలి" అనేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. "ముందు బట్టీ పట్టు, అర్థం తర్వాత" అనేవాళ్లతో అసలే ఏకీభవించను. సమాంతరంగా కలపడమంటే కరెంటుకు ఇంకో దారి తెరవడం. దారులు పెరిగితే అడ్డు తగ్గుతుంది. కాబట్టి ఫలితం చిన్న నిరోధం కన్నా, అంటే 3 కన్నా, తక్కువే రావాలి. ఇది తెలిసిన పిల్ల 4.5 చూడగానే "ఎక్కడో పొరపాటు పడ్డాను" అని వెనక్కి వెళ్తుంది. భిన్నాల కూడిక వస్తే ఆ పొరపాటును దిద్దుకుంటుంది. రెండూ ఉంటేనే లెక్క పూర్తవుతుంది.

మరి పునాది ఎక్కడ ఆగిందో ఎలా తెలుస్తుంది? తప్పు వచ్చిన లెక్కను ఒక్కో మెట్టూ విడదీయండి. సమీకరణం తప్పితే కారణాంకాలు చూడండి. అవీ తప్పితే గుర్తులు, ఆ తర్వాత ఎక్కాలు. ఎక్కడ చెయ్యి తడబడిందో అక్కడ కూర్చోండి, అది నాలుగో తరగతి పుస్తకమైనా సరే. దాన్ని మళ్లీ మళ్లీ చదవకండి, పుస్తకం మూసి రాయండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే తిరిగి చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. పరీక్ష ముందురోజు రాత్రి చదివింది ఎందుకు నిలవదో దీన్నిబట్టి ఊహించొచ్చు.

[తెర మీద కొత్త సర్క్యూట్.]

ఇప్పుడు వీడియో ఆపి, పెన్ను తీసుకోండి. 4 ఓమ్‌లు, 12 ఓమ్‌లు సమాంతరంగా ఉన్నాయి. చెయ్యకముందే, జవాబు ఎంతకన్నా తక్కువ రావాలో పక్కన రాయండి. తర్వాత చేసి చూడండి. 3 వస్తే తర్వాతి లెక్కకు వెళ్లండి. 8 వస్తే మీకు ఈరోజు పాఠం భిన్నాల కూడిక.